బారుకి చేప ఇచ్చిన ఊరు

నా పేరు మాణిక్యం. చిలకలపూడిలో గిల్టు నగలు చేయిస్తాను. ఇది పూతేనని చెప్పి మరీ అమ్ముతాను కాబట్టి నాకు నిద్ర బాగానే పడుతుంది. విలువలు, విలువలు అని జపం చేసేవాళ్ళని చూస్తే మాత్రం మొదట్నుంచీ ఒళ్ళుమంట. అయినా లహరిని ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ పిల్ల నన్ను మావయ్యా అని పిలుస్తుంది. వాళ్ళ నాన్న జగన్మోహనరావు నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, సాయంత్రాలు ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటాం, అంతే.

జగన్మోహనరావుది నందివాడ. వరి పొలాలు చేపల చెరువులు చేసి, ఆ డబ్బుతో బందరు బస్టాండు దగ్గర సాగరిక బార్ అండ్ రెస్టారెంట్ పెట్టాడు. మనిషి మంచివాడు. ఇప్పటికీ మంచివాడనే అంటాను, నా బాధంతా అక్కడే ఉంది. పని మీద గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం ఆయనకి చేతకాదు. నందివాడలో చేపలు ఎత్తడానికి లారీ వస్తే, డ్రైవరు చేతిలో సీసా పెట్టకుండా బండి కదలనివ్వరు వాళ్ళింట్లో. వాళ్ళ నాన్న అంతే, తాత అంతే. అది మర్యాద అనుకుంటారు.

లహరి హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చి బారు చేతిలోకి తీసుకుంది. తీసుకున్న వారంలోనే, మన విలువలకి సరిపడేవాళ్ళ దగ్గరే సరుకు కొందాం నాన్నా అంది. నాకు నవ్వొచ్చింది.

"బారుకి విలువలేంటమ్మా? మందు సర్కారు డిపోలో ఏదిస్తే అది దింపుకోవాలి. ఇంక నువ్వు ఎంచుకునేది ఏముంది?" అన్నాను.

"అందుకే మావయ్యా. మన దగ్గరికొచ్చినవాడు ఏం తాగుతాడో మన చేతిలో లేదు. ఏం తింటాడో అయినా మన చేతిలో ఉండాలిగా" అంది.

ఆ మాట నాకు నచ్చింది.

ముందు వేటు సొంతవాళ్ళ మీదే పడింది. జగన్మోహనరావు పినతండ్రి కొడుకు చెరువు చేప వేసేవాడు. కోళ్ళ వ్యర్థాలు పోసి పెంచుతున్నాడని తెలిసి లహరి అతన్ని మానిపించింది. గుడివాడలో ఒక పెళ్ళిలో వాళ్ళు ఈ తండ్రీకూతుళ్ళని చూసి మొహం తిప్పుకుని భోజనాలకి వెళ్ళిపోయారు. తరవాత రొయ్యల ఆసామీ ఒకాయన వచ్చాడు. మందులు కొడతారా అని అడిగితే, కొట్టకుండా రొయ్య బతుకుతుందా అమ్మా అని ఆయనే ఆశ్చర్యపోయాడు. హార్బరు ఏజెంటు ఒకడు వేట నిషేధం రోజుల్లో కూడా సముద్రం చేప తెస్తానని గొప్పగా చెప్పుకున్నాడు. కాఫీ ఇచ్చి పంపేసింది.

అప్పుడు పల్లెపాలెం గురించి చెప్పింది నేనే. అవనిగడ్డ, కోడూరు షాపులకి గొలుసులు వేయడానికి వెళ్తుంటాను కాబట్టి నాకు తెలుసు. దివిసీమలో కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే మడ అడవి పక్కన ఉంటుంది ఆ ఊరు. నిషేధం రోజుల్లో ఒక్క బోటు నీళ్ళలో పెట్టరు. గుడ్లున్న పీత దొరికితే వదిలేస్తారు. వలలో తాబేలు పడితే, వల కోయాల్సి వచ్చినా సరే, పసుపూ కుంకుమా పెట్టి నీళ్ళలోకి పంపిస్తారు. ఊళ్ళో మందు అమ్మనివ్వరు. ఇవన్నీ చెప్పేసరికి లహరి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదే మావయ్యా మనకి కావాల్సింది" అంది.

ఆగస్టులో ముగ్గురం వెళ్ళాం. మబ్బు పట్టి గాలి లేకుండా ఉక్కగా ఉంది. ఊళ్ళోకి కారు రాగానే పిల్లలు పరిగెత్తుకొస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. ఇళ్ళ ముందు వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. పెద్దమనిషి ఎవరని అడిగితే గంగాదేవి దగ్గరికి తీసుకెళ్ళారు. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మమ్మల్ని ఇంట్లోకి రమ్మనలేదు. బేరం ఏదైనా బోటు దగ్గరే మాట్లాడాలట. ఒడ్డున ఇసకలో నిలబెట్టి ఉంచింది.

లహరి తన బారు గురించి చెప్పింది. ఏం కొంటుందో, ఏం కొనదో, ఎందుకో చెప్పింది. గంగాదేవి అంతా విని, "మీరు మమ్మల్ని చూసుకున్నారు. బాగానే ఉంది. మరి మేం మిమ్మల్ని చూసుకోవద్దా?" అంది.

ఆ ఊరి కట్టుబాటు అప్పుడు విన్నాం. ఒకప్పుడు తాగి వేటకెళ్ళిన బోటు ఒకటి మొగ దగ్గర తిరగబడింది. నది సముద్రంలో కలిసే ఆ చోట అల చాలా చెడ్డది. ఎవరూ మిగల్లేదు. అప్పట్నుంచి ఆడవాళ్ళంతా కూర్చుని కట్టుబాటు చేశారు. తాగినవాడి బోటు ఊళ్ళో ఇంకెవ్వరూ ఎక్కరు. అతను గంగమ్మ ముందు దీపం పెట్టి ఒట్టేసి, ఊరు మళ్ళీ నమ్మేదాకా అంతే.

"కొట్టం, తిట్టం, ఇంట్లోంచి వెళ్ళగొట్టం. అతనితో బోటు మాత్రం ఎక్కం" అంది గంగాదేవి. "సముద్రం మీద ఒంటరి మనిషంటే ఏంటో మాకు తెలుసు. తెలిసే పెట్టుకున్నాం."

ఆవిడ గొంతు పెంచకుండా ఆ మాట అంటుంటే నాకు భయం వేసింది. ఇంత మంచి ఊళ్ళో ఇంత కఠినం ఏంటి అనిపించింది.

"అందుకని మాట ఇవ్వండి. మా ఊరి మగాడికి మీ చేతుల మీదుగా చుక్క అందకూడదు. అలాగైతే మేం మాట ఇస్తాం. సముద్రం బోటుని రానిచ్చిన ప్రతి రోజూ మీ గుమ్మంలో చేప ఉంటుంది."

లహరి సంతోషంగా ఒప్పుకుంది. బోటు ముందు కొనకి పసుపు రాసి, దాని మీద చెయ్యి పెట్టించారు. లహరి పెట్టింది. జగన్మోహనరావూ పెట్టాడు. పసుపు చేతిని రుమాలుతో తుడుచుకుంటూ, "పద్ధతైన మనుషులు బావా" అన్నాడు నాతో.

చేప పట్టి తెచ్చే పని అంకమ్మరావుకి అప్పజెప్పారు. సొంత బోటు ఉంది, ట్రాలీ ఆటో ఉంది, నలభై దాటని మనిషి. అతని భార్య వెంకటలక్ష్మి మమ్మల్ని కారు దాకా సాగనంపడానికి వచ్చినట్టు వచ్చి, లహరిని పక్కకి పిలిచింది. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మా, మా ఆయన్ని కాకుండా ఇంకెవర్నయినా పంపమని నేను చెప్పాను. గంగాదేవి పెద్దమ్మ వినలేదు. ఇతను ఒకప్పుడు బాగా తాగేవాడు. దీపం పెట్టి మూడేళ్ళయింది. ఈ పని ఇస్తే ఊరు నమ్మినట్టు ఉంటుంది, తలెత్తుకుంటాడు అంటుంది పెద్దమ్మ. రోజూ మీ బారు గుమ్మంలోకి వస్తాడమ్మా. ఒక్క చుక్క చాలు, మళ్ళీ మొదలెడతాడు. ఊరికి ఇచ్చిన మాట వేరు. నాకు ఇంకోసారి చెప్పండి."

లహరి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "నా బాధ్యత" అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆ రోజు మనస్ఫూర్తిగానే అంది.

మర్నాటి నుంచి చేప రావడం మొదలైంది. ఏం చేపండీ అది! చందువాలు, వంజరాలు, ఒక్కోరోజు ఇంకా కదులుతున్న పీతలు. లహరి గోడకి పెద్ద బోర్డు పెట్టించి పల్లెపాలెం బోట్ల ఫొటోలు తగిలించింది. విజయవాడ నుంచి కుర్రాళ్ళు వచ్చి వీడియోలు తీసుకున్నారు. ఆదివారాలు నా టేబుల్ కూడా నాకు దొరికేది కాదు.

అంకమ్మరావు పొద్దున పూట వెనక గుమ్మం దగ్గర ఆటో ఆపేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. చేపల పెట్టెలు గడప దగ్గర దింపి, భుజం మీది తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడేవాడు. వంటవాళ్ళు నవ్వేవారు. నేను వాళ్ళని కసిరాను. ఆ వాసనతో అతను ఏం పడుతున్నాడో చూస్తేనే తెలిసేది. జగన్మోహనరావుకి మాత్రం అది చూసినప్పుడల్లా ప్రాణం చివుక్కుమనేది.

"ఇంత మంచి చేప తెచ్చేవాణ్ణి కుక్కలా బయట నిలబెడుతున్నాం బావా" అనేవాడు.

"టీ ఇప్పించు, టిఫిను పెట్టు. అంతకన్నా ఏం చెయ్యకు" అన్నాను.

దసరా వచ్చింది. పనివాళ్ళందరికీ బట్టలు, మామూలు ఇచ్చాడు. అంకమ్మరావుకి కూడా చొక్కా గుడ్డ ఇచ్చాడు. గుడ్డ మీద పేపరులో చుట్టిన క్వార్టర్ సీసా ఉంది. అతను దాన్ని చూసి వెనక్కి జరిగాడు.

"వద్దండి. నాకొద్దండి."

"పండగ రా. ఇక్కడ తాగమన్నానా? ఇంటికెళ్ళి రెండు గుక్కలేసి పడుకో. ఎవరికి తెలుస్తుంది? పెద్దవాణ్ణి, నా చేత్తో ఇస్తే కాదంటావా?"

నేను అప్పుడే స్కూటరు దిగి వస్తున్నాను. "బావా!" అని గట్టిగానే అరిచాను. జగన్మోహనరావు నా వైపు చూసి, ఊరుకో అన్నట్టు చెయ్యి ఊపాడు. అంకమ్మరావు తీసుకున్నాడు. ఆటో దగ్గర చాలాసేపు దాన్ని వేడి గిన్నెలా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. పారేస్తాడేమో అని ఆశపడ్డాను. సీటు కింద పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత తువ్వాలు ముక్కు మీద లేదు. గడప దాటి లోపలికి రావడం మొదలుపెట్టాడు. పెద్దాయన లేరా అని అడిగేవాడు. జగన్మోహనరావు ఇచ్చేవాడు. రోజూ కాదు, కానీ ఇచ్చేవాడు. ఇయ్యకపోతే ఆ మనిషి మొహం చూడలేనట. నేను తిట్టాను, అలిగాను, నాలుగు రోజులు బారుకి వెళ్ళడం మానేశాను. మళ్ళీ వెళ్ళాను, వేరే చోట నాకు తోచదు. వెళ్ళిన రోజే లహరికి చెప్పేశాను.

లహరి మొహం తెల్లబోయింది. నా ఎదురుగానే తండ్రిని నిలదీసింది.

"నేను బారులో పోశానా? గ్లాసు పెట్టానా? కౌంటరు మీద అమ్మానా?" అన్నాడాయన. "పండక్కి ఒక మనిషికి నా సొంతంగా ఇచ్చుకున్నాను. మన ఇంటి పద్ధతి అది. నీకు నీ విలువలు ఉన్నట్టే నాకూ ఉంటాయమ్మా."

"మన చేతుల మీదుగా అందకూడదన్నారు నాన్నా. బోటు మీద చెయ్యి పెట్టి చెప్పాం."

"సరే, మానేస్తాలే. ఊళ్ళో చెప్పి వాడి కొంప ముంచకు."

లహరి ఆ ఆఖరి మాట పట్టుకుంది. చెబితే అంకమ్మరావు బోటు ఎవరూ ఎక్కరు, అతని మంచి కోసమే చెప్పట్లేదు అని నాతో అంది. నిజమే కావచ్చు. పల్లెపాలెం చేప ఆగిపోతే గోడ మీద బోర్డు ఏం చెయ్యాలన్నది కూడా ఆ పిల్ల కళ్ళల్లో నాకు కనిపించింది. నాకు లహరి మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం నా ఎదురుగా ఉండగానే లహరికి ఫోనొచ్చింది. వెంకటలక్ష్మి. నాకూ వినపడాలని లహరి స్పీకరు పెట్టింది.

"అమ్మా, మా ఆయన మళ్ళీ తాగుతున్నాడు. ఎక్కడో అర్థం కావట్లేదు. అవనిగడ్డలో ఆగుతున్నాడేమో అని నిన్న మా తమ్ముణ్ణి వెనకాల పంపాను. ఆగలేదు. మీ దగ్గరేమైనా..."

లహరి నా వైపు చూసింది. చెప్పెయ్యి అన్నట్టు తల ఊపాను.

"మా బారులో ఎవరూ పొయ్యలేదండీ" అంది.

"మీరంటే నమ్ముతానమ్మా" అని వెంకటలక్ష్మి ఫోను పెట్టేసింది.

"అదేం మాటమ్మా?" అన్నాను.

"అబద్ధం కాదుగా మావయ్యా" అంది లహరి. అచ్చం తండ్రి గొంతే.

ఆ రోజు సాయంత్రం జగన్మోహనరావుతో గొడవపడ్డాను. ఒట్టు, ఇంక ఇవ్వను అన్నాడు. ఇవ్వలేదు కూడా. కానీ అప్పటికే అంకమ్మరావు వంటింట్లో వాళ్ళకి నాలుగు చేపలు ఎక్కువ వేసి, గ్లాసుల్లో మిగిలింది పోయించుకుంటున్నాడని తరవాత తెలిసింది. పెద్దాయన స్వయంగా ఇచ్చిన మనిషికి ఇవ్వడం తప్పని వాళ్ళెవరికీ తోచలేదు.

చేప తగ్గింది. పెట్టెల్లో చవకరకం కానాగంతలే ఎక్కువ కనిపించేవి. ఒక శనివారం పొద్దున వెనక గుమ్మం దగ్గర అతను ఒక్కడే కూర్చుని ఉంటే, పక్కన కూర్చున్నాను. చేతుల నిండా తాడు కోసిన గాట్లు ఉన్నాయి.

"ఏంటయ్యా ఇవి?"

"వల లాగడానికి రెండో మనిషి లేడండి" అన్నాడు. "ఊరికి తెలిసిపోయింది. నా బోటు ఎక్కట్లేదు ఎవరూ. వరసకి తమ్ముడయ్యేవాడు కూడా ఎక్కట్లేదు."

"మరి మానెయ్. కొన్నాళ్ళు ఒడ్డునే ఉండు. దీపం పెట్టు."

"పెట్టాలంటే మానాలి కదండి. మానలేకపోతున్నాను." ఇదంతా చాలా మామూలుగా చెప్పాడు. "నా వంతు చేప నేను తేకపోతే ఇంకొకర్ని పెడతారు. ఇక్కడికి రాకుండా ఉండలేనండి."

ఆకాశం వైపు చూశాను. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని టీవీలో చెబుతున్నారు. వానలేదు, గాలి మాత్రం సముద్రం మీంచి తడిగా, విసురుగా కొడుతోంది. రేపు వెళ్ళకు అన్నాను. ఇంకా హెచ్చరిక జెండా ఎగరెయ్యలేదండి, అందరూ వెళ్తారు, నేనూ వెళ్తాను అన్నాడు. అక్కణ్ణుంచే గంగాదేవికి ఫోను చేద్దామని లహరి దగ్గరికి వెళ్ళాను. ఆదివారం బుకింగులన్నీ నిండిపోయాయి మావయ్యా, సోమవారం నేనే వెళ్ళి అంతా చెప్పేస్తాను, ఒట్టు అంది. నంబరు ఆమె దగ్గరే ఉంది. ఇవ్వమని గట్టిగా అడిగితే ఏడ్చింది.

ఆదివారం పొద్దున చేప రాలేదు. వచ్చే వేళ దాటింది. వంటవాళ్ళు మసాలాలు నూరి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ముందు హాల్లో అప్పుడే కుర్చీలు నిండుతున్నాయి. జగన్మోహనరావు వెనక గుమ్మంలోకీ రోడ్డు మీదకీ తిరుగుతున్నాడు. లహరి ఫోను చేస్తే అంకమ్మరావు ఎత్తలేదు.

మధ్యాహ్నమయ్యాక ఆటో వచ్చింది. వేరే ఊరి డ్రైవరెవరో నడుపుతున్నాడు. వెనక పెట్టెల మధ్య గంగాదేవి, వెంకటలక్ష్మి కూర్చుని ఉన్నారు. దిగి, ఇద్దరూ కలిసి పెట్టెలు పట్టుకుని గడప దగ్గర దింపారు. సాయానికి వెళ్ళిన వంటవాణ్ణి గంగాదేవి చేత్తో ఆపింది. మూత తీస్తే పెద్ద పెద్ద చందువాలు, వంజరాలు. ఆగస్టు తరవాత అంత మంచి చేప నేను చూడలేదు.

"అంకమ్మరావేడి?" అన్నాడు జగన్మోహనరావు.

"రాలేదండి" అంది గంగాదేవి.

"ఒంట్లో బాలేదా?"

"సముద్రం నుంచి రాలేదండి. మొగ దగ్గర బోటు తిరగబడి దొరికింది. మగాళ్ళంతా వెతుకుతున్నారు. ఈ చేప వాళ్ళు వెతకడానికి వెళ్ళేముందు పట్టి ఒడ్డున వేసింది. మీకు మాట ఇచ్చాం కదా, తెచ్చాం."

లోపల హాల్లో ఎవరో పెద్దగా నవ్వారు. జగన్మోహనరావు వెళ్ళి హాలు తలుపు మూశాడు.

వెంకటలక్ష్మి లహరి ముందుకొచ్చి నిలబడింది. ఏడుపు లేదు. తల దువ్వుకోలేదు, చీర అంచంతా ఇసక.

"బోటు పలక కింద సీసా దొరికిందమ్మా. పేపరులో చుట్టి ఉంది, విప్పనన్నా లేదు. దాచుకున్నాడు. ఆ పేపరు మీద మీ బారు పేరు రాసుంది. మీకు డిపోలో ఇచ్చే బిల్లు కాగితమంట కదా అది."

"నాకు... నేను సోమవారం వచ్చి చెబుదామని..." అంది లహరి.

"నేను ఫోను చేసి అడిగాను. మీరు ఔనంటే నేను ఊరికి చెప్పేదాన్ని కాదు. మిమ్మల్నీ ఏమీ అనేదాన్ని కాదు. ఆయన్ని ఇంట్లో ఉంచి, ఆటో నేనే నడుపుకొచ్చేదాన్ని. నాకు నడపడం వచ్చమ్మా. ఆయనే నేర్పించాడు."

లహరి ఆమె చేతులు పట్టుకోబోయింది. వెంకటలక్ష్మి చేతులు వెనక్కి తీసుకుంది, కోపంగా కాదు, చేపల నీళ్ళు అంటుకుంటాయన్నట్టు.

"ఇంక మీరు చేప పంపక్కర్లేదు" అన్నాను నేను గంగాదేవితో. ఎవరూ అనకపోతే ఎలా అని అన్నాను.

ఆవిడ నన్ను చూడలేదు. లహరినే చూస్తోంది. "సముద్రం బోటుని రానిచ్చిన రోజల్లా తెస్తామన్నాం. మేం తప్పం. తప్పిన మాట మీది" అని ఆటో ఎక్కింది.

ఆ రోజు ఆ చేప వండారో లేదో నాకు తెలియదు. నేను వచ్చేశాను. పొద్దుపోయేదాకా ఈదురుగాలి. అర్ధరాత్రికి గాలి తగ్గింది. తెల్లారగానే మనసాగక మళ్ళీ బారు వెనక్కి వెళ్ళాను. గోడ మీది బోర్డు కిందికి దించి తిరగేసి పెట్టి ఉంది. లహరి గడప మీద కూర్చుని ఉంది. రాత్రి పడుకున్నట్టు లేదు. ఈ పూట రారు మావయ్యా, రారు కదా అంటోంది.

రోజూ వచ్చే వేళకే చేపల పెట్టెలతో ట్రాలీ ఆటో సందు తిరిగింది. వెంకటలక్ష్మి నడుపుకుంటూ వచ్చింది.